గోల్ఫ్‌లో కార్డ్ వచ్చిందంటే ఏం వచ్చినట్టు? డెవలప్‌మెంటల్ టూర్ ఎలా నడుస్తుంది, మనవాళ్లు అందులోకి ఎలా వెళ్లాలి

ఈ మధ్య వారానికి ఇద్దరు ముగ్గురన్నా ఇదే అడుగుతున్నారు. మొన్న గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన, నిన్న పటమట నుంచి ఒకావిడ, "మావాడు అండర్ పార్ కొడుతున్నాడండీ, ప్రో టూర్ కార్డ్ తెచ్చుకోవాలంటే ఏం చేయాలి, కార్డ్ వచ్చాక నెలకి ఎంతిస్తారు" అని. (పార్ అంటే కోర్సుకి పెట్టిన షాట్ల లెక్క, దానికన్నా తక్కువలో ముగిస్తే అండర్ పార్.) ఫోన్లో ఒక్కొక్కరికి గంటసేపు చెప్తున్నా మళ్లీ సగం మర్చిపోయి ఫోన్ చేస్తున్నారు, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

నేను కోచ్‌ని కాదు. మా అక్క కొడుకు గోల్ఫ్ ఆడతాడు, వాణ్ని తీసుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ 270 కిలోమీటర్లు, వైజాగ్ 350 కిలోమీటర్లు ఏళ్ల తరబడి తిరిగిన మేనమామని. శుక్రవారం రాత్రి బయల్దేరి గోల్కొండ దగ్గర కోర్సులో శని ఆదివారాలు ఆడించి సోమవారం తెల్లారేసరికి బెంజ్ సర్కిల్‌లో దిగడం, మళ్లీ వాడు కాలేజీకి, నేను షాపుకి. ఆ తిరగడంలో నేర్చుకున్నదీ, దెబ్బ తిని తెలుసుకున్నదీ ఇది.

ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకుని మిగతాది చదవండి. కార్డ్ అంటే ఒక టూర్‌లో, అంటే ఏడాది పొడవునా వరసగా జరిగే ప్రో టోర్నమెంట్లలో, ఆడే అర్హత. ఉద్యోగం కాదు. మన విజయవాడ స్టేషన్ భాషలో చెప్పాలంటే అది వెయిటింగ్ లిస్ట్ టికెట్. మీ నంబర్ 12 అయితే చార్ట్ వేసేసరికి బెర్త్ వచ్చేస్తుంది, 140 అయితే సూట్‌కేస్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీదే ఉంటారు, టికెట్ మాత్రం ఇద్దరి చేతిలోనూ ఉంటుంది. డెవలప్‌మెంటల్ టూర్ మొత్తం ఈ నంబర్ చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత 20 టోర్నమెంట్ రౌండ్ల స్కోర్‌కార్డులు. ఫ్రెండ్స్‌తో ఆడినవి పనికిరావు, బ్యాక్ టీస్ (హోల్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న మొదలుపెట్టే చోటు) నుంచి, పోటీలో, మార్కర్ (మీ స్కోర్ రాసే తోటి ఆటగాడు) సంతకంతో ఉన్నవే. ఒక్కో కోర్సుకి కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్ (ఆ కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెలు) కూడా కార్డ్ మీదే ఉంటాయి, రాసుకోండి
- గడువు బాగా మిగిలున్న పాస్‌పోర్ట్
- ఏడాది ఖర్చు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్, ఫోన్‌లో ఎక్సెల్ అయినా పర్లేదు
- మీరు వెళ్లాలనుకున్న టూర్ వాళ్లు ఆ సంవత్సరానికి పెట్టిన రూల్స్, ఎలిజిబిలిటీ లిస్ట్. పోయిన సంవత్సరానిది చూసి ప్లాన్ చేయొద్దు, ప్రతి ఏడూ మారుతుంటాయి
- ఒక మంచి సీఏ
- మీకు ఏదీ అమ్మే అవసరం లేని ఒక మనిషి, అంటే ఆటలో ఉన్న పెద్దవాళ్లెవరైనా, మొహమాటం లేకుండా "వీడింకా రెడీ కాలేదు" అని చెప్పగలిగినవాళ్లు. లిస్టులో మిగతావన్నీ డబ్బుకి దొరుకుతాయి, ఇది దొరకదు

1. ఏ మెట్టు పైన ఏ మెట్టు ఉందో ముందు కాగితం మీద గీయండి

డెవలప్‌మెంటల్ టూర్ అంటే పెద్ద టూర్ కింద ఉండే మెట్టు, అక్కడ ఏడాది పొడవునా ఆడినవాళ్లలో పైనున్న కొంతమందిని ఏడాది చివర్లో పెద్ద టూర్‌లోకి తీసుకుంటారు, మిగతావాళ్లు అక్కడే ఉంటారు లేదా కిందకి జారతారు.

అందరికీ తెలిసింది అమెరికాలో కార్న్ ఫెర్రీ టూర్. ఇది 1990లో బెన్ హోగన్ టూర్ అనే పేరుతో మొదలైంది, స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుతూ నైకీ, బై డాట్ కామ్, నేషన్‌వైడ్, వెబ్ డాట్ కామ్ అయ్యి 2019 నుంచి కార్న్ ఫెర్రీ అయింది. పాత వార్తల్లో వేరే పేరు కనిపిస్తే అది వేరే టూర్ అనుకోకండి, అన్నీ ఒకటే. దీని పైన పీజీఏ టూర్. దీని కింద పీజీఏ టూర్ అమెరికాస్, కెనడా టూర్నీ లాటిన్ అమెరికా టూర్నీ కలిపి 2024లో పెట్టారు.

యూరప్‌లో డీపీ వరల్డ్ టూర్ కింద ఉండేది చాలెంజ్ టూర్, 2025 నుంచి దాని పేరు హోటల్‌ప్లానర్ టూర్. ఆసియాలో ఏషియన్ టూర్ కింద ఏషియన్ డెవలప్‌మెంట్ టూర్, 2010లో మొదలైంది.

మనకి దగ్గర్లో ఉన్నది పీజీటీఐ, అంటే మన దేశపు ప్రో టూర్, 2006 నుంచి నడుస్తోంది, దానికి ఫీడర్‌గా 2024లో పీజీటీఐ నెక్స్ట్‌జెన్ అని పెట్టారు. మనవాళ్లు చాలామంది పీజీటీఐని చిన్నచూపు చూసి నేరుగా అమెరికా అంటారు, అది పొరపాటు. పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ ర్యాంకుల లిస్ట్) మొదటి స్థానంలో నిలిచి 2023లో ఓం ప్రకాశ్ చౌహాన్, 2024లో వీర్ అహ్లావత్ నేరుగా డీపీ వరల్డ్ టూర్ కార్డ్ తెచ్చుకున్నారు. అంటే మన దేశంలోనే ఆడి యూరప్ పెద్ద టూర్‌కి దారి ఉందన్నమాట. పైగా వైజాగ్ ఈస్ట్ పాయింట్‌లోనూ హైదరాబాద్‌లోనూ పీజీటీఐ టోర్నమెంట్లు జరిగాయి, మనింటి నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దునకి దిగే దూరం.

ఆడపిల్లలైతే మన దేశంలో ఉమెన్స్ ప్రో గోల్ఫ్ టూర్ ఉంది, అందులో అమెచ్యూర్లు, అంటే డబ్బు కోసం ఆడనివాళ్లు, కూడా ప్రోలతో కలిసి ఆడొచ్చు, ప్రో అవ్వకుండానే మీ అమ్మాయి ఎక్కడుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం లేదు. పైన యూరప్‌లో ఎల్ఈటీ (యూరప్ లేడీస్ టూర్) కింద ఎల్ఈటీ యాక్సెస్ సిరీస్, అమెరికాలో ఆడవాళ్ల పెద్ద టూర్ ఎల్‌పీజీఏ కింద ఎప్సన్ టూర్. అదితి అశోక్ 2015 డిసెంబర్‌లో 17 ఏళ్లకే యూరప్ లేడీస్ టూర్ క్యూ స్కూల్ (టూర్‌లోకి ఎంట్రన్స్ టోర్నమెంట్) గెలిచింది, మెట్లన్నీ ఎక్కకుండా క్యూ స్కూల్‌తోనే పైకి వెళ్లడమంటే అది.

2. మీవాడు నిజంగా ఎక్కడున్నాడో లెక్క తీయండి

చాలామంది దీన్ని దాటేస్తారు. "72 కొట్టాడు, పార్ కొట్టాడు" అంటారు గానీ ఏ కోర్సులో, ఏ టీస్ నుంచి?

ఒక్కో రౌండ్‌కి లెక్క ఇలా తీయండి: స్కోర్ లోంచి కోర్స్ రేటింగ్ తీసేయండి, వచ్చినదాన్ని 113తో గుణించి స్లోప్‌తో భాగించండి. ఉదాహరణకి స్కోర్ 70, కోర్స్ రేటింగ్ 72.5, స్లోప్ 130 అనుకోండి. 70 లోంచి 72.5 తీస్తే మైనస్ 2.5, దాన్ని 113తో గుణించి 130తో భాగిస్తే మైనస్ 2.2 చుట్టూ వస్తుంది. 20 రౌండ్లకీ ఇలా తీయండి.

హ్యాండిక్యాప్ ఇండెక్స్‌కి (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) ఆ 20లో బెస్ట్ 8 మాత్రమే తీసుకుని సగటు వేస్తారు. మీరు అది చేయొద్దు, 20కి 20 సగటు వేయండి. ఎందుకంటే ప్రో టూర్‌లో బాగా ఆడని రోజు స్కోర్‌ని ఎవరూ తీసి పక్కన పెట్టరు, గురువారం 76 కొడితే ఆ 76 అలాగే ఉంటుంది. మా వాడి ఇండెక్స్ ప్లస్ 3 (గోల్ఫ్‌లో ప్లస్ 3 అంటే ఈ లెక్కలో మైనస్ 3, మంచిదే) అని మేమందరం పొంగిపోయాం, 20 రౌండ్ల సగటు తీస్తే సున్నా పైనే వచ్చింది, అంటే బాగున్న రోజు చాలా బాగుంది, బాగోని రోజు లోకల్ టోర్నమెంట్‌లో కూడా నిలబడట్లేదు.

నా అంచనా అడిగితే, 20 రౌండ్ల సగటే మైనస్ 2 దగ్గర ఉండాలి, అప్పుడు క్యూ స్కూల్ ఫీజు కట్టడంలో అర్థం ఉంది. సగటు సున్నా దగ్గర ఉంటే ఇంకో ఏడాది అమెచ్యూర్‌గానే ఆడించండి. అందులో తక్కువతనం ఏమీ లేదు.

ఇంకోటి కూడా చూస్కోండి, సొంత కోర్సు బయట ఆడిన రౌండ్ల సగటు వేరేగా తీయండి. రెండింటికీ మధ్య మూడు స్ట్రోకులకన్నా తేడా ఉంటే వాడికి ఆట వచ్చు గానీ ప్రయాణం రాదు, టూర్ అంటే సగం ప్రయాణమే.

3. అమెచ్యూర్ స్టేటస్ వదిలే ముందు ఒక నెల ఆగండి

ఇక్కడ మేం దెబ్బ తిన్నాం. ఒక అకాడమీ వాళ్లు, పేరెందుకులెండి, రెండేళ్లలో టూర్ ప్లేయర్‌ని చేస్తాం అని చెప్పి 17 ఏళ్లకే వాణ్ని ప్రో అని డిక్లేర్ చేయించారు. అప్పటికి వాడికి అమెరికా కాలేజీ గోల్ఫ్ స్కాలర్‌షిప్ కోసం ఈమెయిల్స్ నడుస్తున్నాయి. ప్రో అయ్యాడని తెలియగానే ఆ దారి మూసుకుపోయింది, వాళ్ల కాలేజీ ఆట అమెచ్యూర్లకే కదా. మా అక్క ఆ రోజు అన్నం తినలేదు. నాలుగేళ్లు డబ్బు పెట్టకుండా మంచి కోర్సుల్లో, మంచి పోటీలో ఆడే అవకాశం అది, సంతకం పెట్టే ముందు ఎవరినైనా ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

గుర్తుపెట్టుకోవాల్సినవి: ప్రోగా టోర్నమెంట్ ఆడితే అమెచ్యూర్ స్టేటస్ పోతుంది. మళ్లీ అమెచ్యూర్ కావాలంటే అప్లై చేసి, వెయిటింగ్ పీరియడ్ అయ్యేదాకా ఆగాలి. కానీ క్యూ స్కూల్‌ని అమెచ్యూర్‌గానే ఆడే వీలుంది, ఫారంలో అమెచ్యూర్ అనే రాసి ఆడాలి. ఈ సంగతి తెలియక "ముందు ప్రో అవ్వు, తర్వాత క్యూ స్కూల్" అని వెళ్లేవాళ్లు చాలామంది. తిరగేసి చేయండి, ముందు క్యూ స్కూల్ ఆడి చూసి, టూర్‌లో ఆడే స్టేటస్ వస్తే అప్పుడు ప్రో అవ్వండి. అయితే ఫారంలో ఆ గడి నింపేటప్పుడు మీరే పక్కన కూర్చోండి, అకాడమీ వాళ్లకి వదిలేయొద్దు.

అమెరికాలో పెరిగిన మన తెలుగు కుటుంబం పిల్లాడు సాహిత్ తీగల దారి చూడండి. పెప్పర్‌డైన్ యూనివర్సిటీకి ఆడాడు, 2020లో కాలేజీ గోల్ఫ్ పెద్ద అవార్డులన్నీ తెచ్చుకున్నాడు, ఆ తర్వాతే ప్రో అయ్యాడు, 2021లో కార్న్ ఫెర్రీ ఫైనల్స్ ఆడి పీజీఏ టూర్ కార్డ్ తెచ్చుకున్నాడు, 2023 సెప్టెంబర్‌లో పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ గెలిచాడు. తొందరపడలేదు, వెనకా పడలేదు.

4. క్యూ స్కూల్ ఆడండి

పేరు స్కూలే గానీ పాఠాలేమీ ఉండవు, ఎంట్రన్స్ టెస్ట్ అది. స్టేజీలు స్టేజీలుగా ఉంటుంది. కార్న్ ఫెర్రీకి ప్రీ క్వాలిఫయింగ్, ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్, ఫైనల్ స్టేజ్. ఫైనల్ స్టేజ్‌లో మొదటి ఐదుగురికి నేరుగా పీజీఏ టూర్ కార్డ్, ఆ తర్వాత 40 మందికి, ఆ స్కోర్ మీద సమానంగా ఉన్నవాళ్లకీ, కార్న్ ఫెర్రీలో గ్యారంటీ టోర్నమెంట్లు. మధ్యలో 2013 నుంచి కొన్నేళ్లు క్యూ స్కూల్ నుంచి నేరుగా పీజీఏ టూర్‌కి దారే లేదు, 2023లో మళ్లీ తెరిచారు. అందుకే పాత వీడియోలు చూసి ప్లాన్ వేస్తే తప్పు అవుతుంది.

పీజీటీఐకి కూడా ఇలాగే ప్రీ క్వాలిఫయింగ్ స్టేజీలూ ఆ తర్వాత ఫైనలూ ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి, ఫీజు రూపాయల్లో ఉంటుంది, అమెరికాలో అయితే ఫీజే వేల డాలర్లు.

జాగ్రత్త: స్టేజ్ మొదలవడానికి కనీసం మూడు రోజుల ముందు ఆ ఊళ్లో ఉండండి. రాత్రి ట్రైన్ దిగి పొద్దున్నే టీ ఆఫ్ చేస్తే గ్రీన్ వేగం తెలియక మొదటి తొమ్మిది హోల్స్‌లోనే నాలుగు షాట్లు పోతాయి.

5. కార్డ్ వెనకున్న నంబర్ చదవడం నేర్చుకోండి

ఇదే అసలు సంగతి, కాస్త నిదానంగా చదవండి.

ఒక టోర్నమెంట్‌లో 144 మందో 156 మందో ఆడతారు, కార్డ్ ఉన్నవాళ్లు అంతకన్నా ఎక్కువ ఉంటారు. ఎవరిని తీసుకోవాలి అన్నదానికి ఒక పెద్ద లిస్ట్ ఉంటుంది, దాన్ని ప్రయారిటీ ర్యాంకింగ్ అంటారు. పైన పోయిన సీజన్లో గెలిచినవాళ్లు, లిస్టులో ఎక్కువ పాయింట్లతో మిగిలినవాళ్లు, క్యూ స్కూల్ ఫస్ట్ వచ్చినవాడు, ఇలా కేటగిరీలు. పై నుంచి నింపుకుంటూ వస్తారు, 156 నిండగానే ఆపేస్తారు. మిగిలినవాళ్లు ఆల్టర్నేట్లు, అంటే వెయిటింగ్ లిస్ట్. పైవాడు ఎవడైనా తప్పుకుంటే మొదటి ఆల్టర్నేట్‌కి ఫోన్ వస్తుంది.

ఎంసెట్ కౌన్సెలింగ్ చూసిన ఇల్లు మన దగ్గర లేదు కదా, అలాగే ఆలోచించండి. ర్యాంక్ కార్డ్ వచ్చినంత మాత్రాన సీటు కాదు, మీ ముందు ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఏం ఎంచుకున్నారు అన్నదాని మీద మీది ఆధారపడి ఉంటుంది.

దీనికి తోడు రీషఫుల్ అని ఒకటుంది. క్యూ స్కూల్ నుంచి వచ్చినవాళ్లకి మొదటి కొన్ని టోర్నమెంట్లు గ్యారంటీ ఇస్తారు, అవి అయ్యాక అప్పటిదాకా సంపాదించిన పాయింట్లని బట్టి వాళ్ల వరసని మళ్లీ పేరుస్తారు. మొదటి వారాల్లో వరసగా కట్ (సగం టోర్నమెంట్ అయ్యాక జరిగే వడపోత) మిస్ అయితే రీషఫుల్‌లో కిందకి పోతారు, కిందకి పోతే టోర్నమెంట్లు రావు, టోర్నమెంట్లు రాకపోతే పాయింట్లు రావు, ఏప్రిల్ మే వచ్చేసరికే ఆ ఏడాది అయిపోయినట్టు. ఒక్క టోర్నమెంట్ కూడా సరిగ్గా ఆడకముందే చేతిలో కార్డ్ ఉండి ఇంట్లో కూర్చున్న కుర్రాళ్లు చాలామంది ఉంటారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. స్టేటస్ వచ్చిందన్న రోజే మూడు ప్రశ్నలకి జవాబు రాసుకోండి: ఎన్ని టోర్నమెంట్లు గ్యారంటీ? మొదటి రీషఫుల్ ఎప్పుడు? పోయిన ఏడాది ఇదే కేటగిరీలో ఇదే నంబర్ ఉన్నవాడికి మొత్తం ఎన్ని టోర్నమెంట్లు దొరికాయి? మూడోదానికి జవాబు ఎవరూ చెప్పరు, పోయిన ఏడాది ఫీల్డ్ లిస్టులు (ఒక్కో టోర్నమెంట్ ఆడినవాళ్ల పేర్లు) తీసి మీరే చూడాలి, ఒక సాయంత్రం పని. ఆ ఒక్క అంకె తెలిస్తే బడ్జెట్, ప్రయాణం, ప్రాక్టీస్ అన్నీ దాన్నిబట్టి తేలిపోతాయి.

కార్న్ ఫెర్రీ సీజన్ జనవరిలో బహామాస్‌తో మొదలవుతుంది, ఆ తర్వాత పనామా, కొలంబియా లాంటి చోట్ల. అంటే గ్యారంటీ టోర్నమెంట్లలో చాలాభాగం అమెరికా బయటే. వీసాలు అన్నిటికీ ముందే చూసుకోండి. అమెరికా వీసా మనకి హైదరాబాద్ కాన్సులేట్ నుంచే, అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు, స్టేటస్ వచ్చాక అప్లై చేద్దాంలే అని కూర్చుంటే మొదటి రీషఫుల్ అయిపోతుంది.

6. ఒక వారం ఎలా నడుస్తుందో తెలుసుకోండి

సోమవారం క్వాలిఫయర్. స్టేటస్ లేనివాళ్లు, వెయిటింగ్‌లో ఉన్నవాళ్లు 18 హోల్స్ ఆడతారు, కొద్దిమందికే చోటు. దీన్ని తక్కువ చేయొద్దు. 2010లో అర్జున్ అత్వాల్ కార్డ్ పోగొట్టుకుని, సోమవారం క్వాలిఫయర్ ఆడి విండమ్ చాంపియన్‌షిప్‌లోకి వెళ్లి, ఆదివారం ఆ టోర్నమెంటే గెలిచాడు. పీజీఏ టూర్‌లో గెలిచిన మొదటి భారతీయుడు అతనే. అంతకు ముందు 2008లో ఇదే డెవలప్‌మెంటల్ టూర్‌లో కూడా గెలిచాడు.

మంగళవారం, బుధవారం ప్రాక్టీస్, ప్రో యామ్ (ప్రోలు అమెచ్యూర్లతో కలిసి ఆడేది). గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రౌండ్లు, 72 హోల్స్. శుక్రవారం సాయంత్రం కట్, 36 హోల్స్ అయ్యాక మొదటి 65 మంది, 65వ వాడి స్కోర్‌తో సమానంగా ఉన్నవాళ్లందరూ ఉంటారు, మిగతావాళ్లు బ్యాగ్ సర్దుకోవాలి. 65వ స్కోర్ మైనస్ 3 అయితే మైనస్ 3 దాకా ఉన్నవాళ్లు మొత్తం 74 మంది అయినా అందరూ లోపలే, మైనస్ 2 బయటే. చాలా వారాల్లో కట్ పార్ కిందే పడుతుంది, అంటే రెండు రోజులూ పార్ కొట్టినవాడు కూడా ఇంటికే. ఇది విన్నప్పుడు మా బావగారు నమ్మలేదు, లీడర్‌బోర్డ్ చూపిస్తే గానీ.

ఆల్టర్నేట్‌గా ఉంటే ఊళ్లోకి వెళ్లి రేంజ్ దగ్గర రెడీగా ఉండాలా, ఇంట్లో ఉండాలా అని అడుగుతారు. మొదటి నలుగురైదుగురిలో ఉంటే వెళ్లండి, 20 దాటితే వెళ్లొద్దు, మధ్యలో ఉంటే కారులో వెళ్లగలిగే దూరమైతేనే వెళ్లండి. జాన్ డాలీ 1990లో బెన్ హోగన్ టూర్‌లో గెలిచినవాడు, 1991 పీజీఏ చాంపియన్‌షిప్‌లో తొమ్మిదో ఆల్టర్నేట్, రాత్రంతా కారు నడిపి ఇండియానా చేరుకుని ప్రాక్టీస్ రౌండ్ కూడా లేకుండా ఆడి గెలిచేశాడు. కారులో వెళ్లగలిగే దూరం అన్నది అందుకే.

స్కోర్‌కార్డ్ సంతకం గురించి ఒక్క ముక్క: ఏదైనా హోల్‌కి నిజంగా ఆడినదానికన్నా తక్కువ రాసి సంతకం పెడితే డిస్క్వాలిఫై. ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే ఉంటుంది. ప్రతి హోల్ గట్టిగా చదివి సరిచూసుకునే అలవాటు చిన్నప్పుడే చేయండి.

7. డబ్బు లెక్క, దాచకుండా

కార్న్ ఫెర్రీలో ఈ మధ్య ఒక టోర్నమెంట్ పర్స్, అంటే మొత్తం ప్రైజ్ మనీ, పది లక్షల డాలర్ల స్థాయిలో ఉంటోంది. గెలిచినవాడికి 18 శాతం, అంటే 1,80,000 డాలర్లు. పేపర్‌లో వచ్చేది ఈ అంకె. కట్ చివర్లో దాటినవాడికి నాలుగు వేల డాలర్ల ప్రాంతంలో వస్తుంది. కట్ మిస్ అయినవాడికి ప్రైజ్ మనీ సున్నా. జీతం అనేది ఎవరికీ లేదు. సమానంగా నిలిచినవాళ్లకి ఆ స్థానాల డబ్బు కలిపి సమానంగా పంచుతారు.

ఖర్చు వైపు: విమానం, గది, తిండి, అక్కడ కారు, కేడీ (బ్యాగ్ మోసే మనిషి). కేడీకి వారానికి ఇంత అని ఇచ్చి పైగా ప్రైజ్ మనీలో వాటా ఇవ్వడం ఆనవాయితీ, మామూలుగా కట్ దాటితే 5 శాతం, టాప్ టెన్ అయితే 7, గెలిస్తే 10. పైగా బయటి దేశం ఆటగాడికి అమెరికాలో ప్రైజ్ మనీ మీద మామూలుగా 30 శాతం ముందే పట్టుకుంటారు, తర్వాత రిటర్న్ వేసి ఖర్చులు చూపించుకోవాలి. సీఏ కావాలన్నది ఇందుకే, బిల్లులన్నీ మొదటి రోజు నుంచి దాచండి.

బడ్జెట్ వేసేటప్పుడు ఇలా వేయండి: గ్యారంటీ టోర్నమెంట్లన్నిటి ఖర్చూ పూర్తిగా, రాబడి సున్నా. ఆ మొత్తం చేతిలో ఉంటేనే వెళ్లండి. పొలం అమ్మో, ఇంటి మీద లోన్ తీసుకునో పంపే ఆలోచన ఉంటే దయచేసి నా మాట విని పీజీటీఐలోనే రెండేళ్లు ఆడించండి. ఆ అప్పు పిల్లాడికి తెలుస్తుంది, నాలుగడుగుల పట్ కొట్టేటప్పుడు వాడి చేతుల్లోకి వచ్చేస్తుంది. నేను చూశాను.

మినీ టూర్ల విషయంలో జాగ్రత్త. కొన్నిట్లో స్పాన్సర్ ఉండడు, ఆటగాళ్లు కట్టిన ఎంట్రీ ఫీజే పర్స్. 60 మంది తలా 40,000 కడితే 24 లక్షలు, అందులో 18 లక్షలు ప్రైజ్‌గా పంచారనుకోండి, ఆడినవాళ్లందరూ కలిసి 6 లక్షలు పోగొట్టుకున్నట్టే. ప్రాక్టీస్‌కి మంచివే, పోటీ అలవాటవుతుంది. సంపాదనకి అనుకుని వెళ్లకండి. ఫీజు కట్టే ముందు "పర్స్‌లో స్పాన్సర్ డబ్బు ఎంత" అని అడగండి, జవాబు తిప్పితే మానేయండి.

8. సీజన్ చివరికి ఏం కావాలో చూసుకోండి

కార్న్ ఫెర్రీలో 2019 నుంచి డబ్బు లిస్ట్ తీసేసి పాయింట్ల లిస్ట్ పెట్టారు. మామూలు టోర్నమెంట్ గెలిస్తే 500, సీజన్ చివరి ఫైనల్స్ టోర్నమెంట్లలో 600. రెండో స్థానానికి 300, ఆ కింద గబగబా పడిపోతాయి. అంటే వారం వారం కట్ దాటి 50వ స్థానంలో నిలిచేవాడికన్నా, సగం కట్‌లు మిస్ అయినా ఒకసారి గెలిచి రెండుసార్లు టాప్ ఫైవ్ వచ్చినవాడే పైన ఉంటాడు. కట్ దాటడమే గొప్ప అని పిల్లలకి నూరిపోస్తే ఆదివారం భయపడి ఆడతారు.

2023, 2024 సీజన్లలో మొదటి 30 మందికి పీజీఏ టూర్ కార్డ్ ఇచ్చారు, 2025 నుంచి 20 మందికే. ఒకే సీజన్‌లో మూడు గెలిస్తే సంవత్సరం చివరిదాకా ఆగక్కర్లేదు, వెంటనే పైకి. మొదటి 75లో ఉంటే కార్న్ ఫెర్రీలో వచ్చే ఏడాదికి మంచి స్టేటస్ మిగులుతుంది. అంటే కొత్తగా వెళ్లినవాడికి మొదటి ఏడాది లక్ష్యం 75 అనే పెట్టండి. స్కాటీ షెఫ్లర్ లాగా మొదటి ఏడాదే, 2019లో, రెండు గెలిచి ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యేవాళ్లు చాలా అరుదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

లీడర్‌బోర్డ్‌లో "ప్రొజెక్టెడ్" అని ఉన్న ర్యాంక్‌ని అసలు ర్యాంక్ అనుకుని స్వీట్లు పంచేస్తారు. అది ఆ క్షణంలో టోర్నమెంట్ ఆగిపోతే వచ్చే అంచనా మాత్రమే, ఆదివారం ఆఖరి గ్రూప్ వచ్చేదాకా మారుతూనే ఉంటుంది.

వరసగా అన్ని వారాలూ ఆడించేస్తారు. నాలుగు వారాలకి ఒక వారం ఖాళీ పెట్టండి, రీషఫుల్ ముందు వారం మాత్రం ఖాళీ పెట్టొద్దు.

కోచ్‌ని, క్లబ్బుల్ని సీజన్ మధ్యలో మారుస్తారు. రెండు కట్‌లు మిస్ అవ్వగానే డ్రైవర్ మార్చేసి, స్వింగ్ మార్చేసి, మొత్తం గందరగోళం. సీజన్ అయ్యాక మార్చుకోండి.

స్పాన్సర్ ఇన్విటేషన్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లని నమ్మేస్తారు. ఇన్విటేషన్ ఇచ్చేది టోర్నమెంట్ వాళ్లు, నేరుగా వాళ్లకే మీ పిల్లాడి స్కోర్లతో మంచి ఉత్తరం రాయండి, రాకపోయినా నష్టం లేదు.

సరిగ్గా వెళ్తున్నారా లేదా, ఇలా చెక్ చేసుకోండి

సీజన్ మొదలై ఆరు టోర్నమెంట్లు అయ్యాక ఒక కాగితం తీసుకుని రాయండి: ఎన్ని కట్‌లు దాటాడు, కట్ లైన్‌కి సగటున ఎన్ని షాట్ల దూరంలో ఉన్నాడు, పాయింట్ల లిస్టులో ఎంత, రీషఫుల్ తర్వాత తనకన్నా ముందు ఎంతమంది. ఆరింట్లో నాలుగు కట్‌లు మిస్ అయినా, ప్రతిసారీ ఒకటి రెండు షాట్ల తేడాతోనే అయితే కంగారు పడొద్దు, అది పటింగ్‌లోనో ప్రయాణంలోనో సర్దుబాటయ్యే తేడా. ఏడెనిమిది షాట్ల తేడాతో మిస్ అవుతుంటే కిందమెట్టుకి వచ్చి ఆడటమే మంచిది.

మా వాడికి పోయిన సీజన్‌లో ఆరింట్లో ఐదు మిస్, సగటు దూరం 2 షాట్లు. అందుకే ఈ ఏడాది కూడా పంపిస్తున్నాం. ఈసారి మాత్రం ప్రతి టోర్నమెంట్‌కి మూడు రోజుల ముందు, రాత్రి బండి కాకుండా పగటి బండికి, కింద బెర్త్.